కోరికలు తీర్చేవాడికి ఏం కావాలి? – ‘అలాదిన్’ చిత్ర పరిశీలన

ఈ పాఠం మొదలుపెట్టే ముందు, వీలైతే సినిమా ఒకసారి చూడండి. గంటన్నర పడుతుంది. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్లు ఎక్కడ పగలబడి నవ్వారో, ఎక్కడ మాట్లాడకుండా తెరవైపే చూస్తూ ఉండిపోయారో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీకు ఈ పాఠం కంటే ఎక్కువ పనికిరావచ్చు. సినిమా దొరకనివారు కంగారు పడనక్కరలేదు. పాఠానికి అవసరమైనంత కథ నేనే చెబుతాను.

పిల్లల బొమ్మల సినిమాలో విమర్శించడానికి ఏముంటుందని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంఘర్షణ అనే మాటలను నవలకూ నాటకానికీ వాడటం మీకు అలవాటే. అవి ఇక్కడా పనిచేస్తాయి. పైగా పెద్దల కోసం రాసేటప్పుడు దాచుకునే నమ్మకాలను, పిల్లలకు కథ చెప్పేటప్పుడు సమాజం దాచుకోదు. ఎవరు ఎవరికి సేవ చేయాలి, ఎవరి కోరిక తీరాలి, అసలు కోరిక అనేదే ఎవరికి ఉండకూడదు అనే సంగతులు పిల్లల కథల్లో పైకే కనిపిస్తాయి. ఈ పాఠంలో మనం పట్టుకునే ప్రశ్న ఒక్కటే: అందరి కోరికలూ తీర్చేవాడికి ఏం కావాలి?

ఈ ప్రశ్న నా సొంతం కాదు. ఒక విద్యార్థిని నాకు నేర్పింది. ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

చిత్రం, కథ

వాల్ట్ డిస్నీ సంస్థ ‘అలాదిన్’ను 1992 నవంబరులో అమెరికాలో విడుదల చేసింది. దర్శకులు జాన్ మస్కర్, రాన్ క్లెమెంట్స్. సంగీతం అలన్ మెంకెన్. పాటలు కొన్ని హోవర్డ్ ఆష్మన్ రాశారు. 1991లో ఆయన మరణించాక తక్కినవి టిమ్ రైస్ పూర్తి చేశారు. నేపథ్య సంగీతానికీ, ఒక పాటకూ ఆస్కార్ బహుమతులు వచ్చాయి. మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పేరు ‘అల్లావుద్దీన్’ కాబట్టి, పాత కథను చెప్పేటప్పుడు ఆ పేరునూ, సినిమా గురించి చెప్పేటప్పుడు ‘అలాదిన్’ అనే పేరునూ వాడతాను. రెండూ కలగాపులగం కాకుండా ఉంటాయి.

అగ్రబా అనే కల్పిత నగరం. అలాదిన్ ఒక అనాథ యువకుడు. రొట్టె దొంగిలించి పొట్ట నింపుకుంటాడు, తోడు ఒక కోతి. సుల్తాను కూతురు జాస్మిన్ రాకుమారుడినే పెళ్లాడాలనేది అక్కడి చట్టం. ఆమె కోట గోడ దాటి బజారులోకి వస్తుంది, అలాదిన్‌ను కలుస్తుంది. మంత్రి జాఫర్‌కు ఒక మాయాదీపం కావాలి. అది ఉన్న గుహలోకి అలాదిన్‌ను పంపిస్తాడు. దీపం చివరకు అలాదిన్ చేతిలోనే మిగులుతుంది. రుద్దగానే నీలి రంగు జీనీ బయటికి వస్తాడు. మూడు కోరికలు తీరుస్తాడు, అంతకు మించి లేవు. ఒకరిని చంపడం, ఒకరి మనసులో ప్రేమ పుట్టించడం, చనిపోయినవారిని బతికించడం తనవల్ల కాదని ముందే చెబుతాడు.

మొదటి కోరికతో అలాదిన్ రాకుమారుడవుతాడు. రెండోది సముద్రంలో మునిగిపోతున్న అతని ప్రాణం కాపాడటానికి ఖర్చవుతుంది. మూడోదాని మీదే ఈ పాఠమంతా.

పాత కథలో భూతం

అల్లావుద్దీన్ కథ ‘వెయ్యిన్నొక్క రాత్రులు’లో మొదటి నుంచీ లేదు. ఫ్రెంచి పండితుడు ఆంత్వాన్ గలాఁ ఆ అరబ్బీ కథలను అనువదిస్తున్న కాలంలో, 1709లో, పారిస్‌కు వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు ఆయనకు కొన్ని కథలు నోటితో చెప్పాడు. దియాబ్‌ది సిరియాలోని అలెప్పో. ఆ కథల్లో ఇదొకటి. తర్వాత కొన్నేళ్లకు అది గలాఁ సంపుటాల్లో అచ్చయింది. అందులో అల్లావుద్దీన్ ఉండేది చైనాలో. తండ్రి దర్జీ. తండ్రి పోయాక తల్లి పత్తి వడికి కొడుకును పోషిస్తుంది. మంత్రగాడు ఆఫ్రికా నుంచి వస్తాడు. భూతాలు రెండు, ఒకటి ఉంగరానిది, ఇంకొకటి దీపానిది. మూడు కోరికలనే లెక్క ఆ కథలో లేనేలేదు. రుద్దినన్ని సార్లు భూతం వస్తుంది, అడిగింది తెస్తుంది, పోతుంది.

ఆ భూతానికి పేరు లేదు, చరిత్ర లేదు. దీపం ఎవరి చేతిలో ఉంటే వారి బానిసనని మాత్రమే చెప్పుకుంటుంది. మన ఇళ్లలో ఈ కథ చెప్పేటప్పుడు కూడా ‘భూతం ప్రత్యక్షమై చేతులు కట్టుకు నిలబడింది’ అనే చెబుతాం. చేతులు కట్టుకు నిలబడినవాడి ముఖం ఎలా ఉందో ఎవరూ చెప్పరు, వినేవాళ్లూ అడగరు.

అయితే పాత కథ చివర్లో, చాలామంది పిల్లల పుస్తకాలు వదిలేసే ఘట్టం ఒకటుంది. మంత్రగాడి తమ్ముడు మారువేషంలో వచ్చి, నీ భవనం కప్పుకు రాక్షసపక్షి గుడ్డు వేలాడదీస్తే ఇంకేం లోటుండదని రాకుమారికి ఎక్కిస్తాడు. ఆమె అల్లావుద్దీన్‌ను అడుగుతుంది. అతను దీపం రుద్ది భూతాన్ని అడుగుతాడు. అంతవరకు అన్నింటికీ తలవంచిన భూతం ఒక్కసారిగా హాలు దద్దరిల్లేలా అరుస్తుంది. నా యజమానిని తెచ్చి నీ కప్పుకు వేలాడదీయమంటావా, నిన్ను బూడిద చేయాల్సింది, ఈ ఊహ నీది కాదు కాబట్టి బతికిపోయావు అంటుంది.

ఈ ఘట్టాన్ని గుర్తుపెట్టుకోండి. పాత కథలో కూడా భూతం ఒకసారి ‘చేయను’ అంది. కానీ తన కోసం అనలేదు. తనకు పైన ఇంకో యజమాని ఉన్నాడు కాబట్టి అంది.

మన తెలుగు వెండితెర ఈ కథను రెండు రకాలుగా వాడుకుంది. 1957లో అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడిగా ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’ వచ్చింది. అంతకు ముందే, 1951లో కె.వి. రెడ్డి ‘పాతాళ భైరవి’లో దీపం బదులు ప్రతిమ ఉంది. తోటమాలి కొడుకు, రాకుమారి, మాయాభవనం, దాన్ని ఎత్తుకుపోయే మాంత్రికుడు అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ కోరికలు తీర్చేది దేవత. దేవతను బానిస అనలేం కాబట్టి ఆమెకు ఏం కావాలనే ప్రశ్న అక్కడ పుట్టదు. ‘అలాదిన్’ తీసినవాళ్లు ఆ ప్రశ్న అడిగారు. వాళ్లను మెచ్చుకోవాల్సింది అక్కడే.

గొంతు, గీత

జీనీ పాత్రను నటుడు రాబిన్ విలియమ్స్ గొంతును దృష్టిలో పెట్టుకునే రాశారు. ఆయన వేదిక మీద ఒంటరిగా నిలబడి, నిమిషానికి పది గొంతులు మార్చి నవ్వించే కళాకారుడు. ఆయనను ఒప్పించడానికి చిత్రకారుడు ఎరిక్ గోల్డ్‌బర్గ్ ఒక చిన్న ప్రయోగం చేశారు. విలియమ్స్ హాస్య ప్రదర్శనల ధ్వనిముద్రణ తీసుకుని, ఆ మాటలకు జీనీ బొమ్మను ఆడించి చూపించారు. విలియమ్స్ నవ్వారు, ఒప్పుకున్నారు. రాసిచ్చిన మాటలకు అప్పటికప్పుడు తోచిన మాటలు ఎన్నో చేర్చి ఆయన గంటల తరబడి మాట్లాడితే, అందులో ఏరుకుని బొమ్మలు గీశారు.

గోల్డ్‌బర్గ్ గీతకు ఆదర్శం ఆల్ హర్ష్‌ఫెల్డ్. న్యూయార్క్ నాటకరంగ ప్రముఖులను ఒక్క వంపు గీతతో పట్టేసిన వ్యంగ్య చిత్రకారుడు. బాపు గీత తెలిసిన మనకు ఇది వివరించనక్కరలేదు. చెయ్యి ఎత్తకుండా గీసినట్టుండే ఒక ఒంపు, అందులోనే మనిషి స్వభావమంతా కనిపిస్తుంది. జీనీ శరీరం అలాంటి గీత. నడుము కింద కాళ్లుండవు, పొగలా సన్నబడి దీపంలోకి పోతుంది. అతను క్షణానికొక రూపం ఎత్తుతాడు. వడ్డించేవాడవుతాడు, దర్జీ అవుతాడు, తేనెటీగ అవుతాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఇన్ని రూపాలెత్తేవాడికి తనదంటూ ఒక రూపం ఎప్పుడు ఉంటుంది? ఎదుటివాడికి ఏది కావాలో అదవడమే అతని పని. పిల్లలు నవ్వే చోట్లలో ఎక్కువ భాగం ఇవే. నవ్వు నిజమే, నేనూ నవ్వుతాను. కానీ రెండోసారి చూసేటప్పుడు అతని మణికట్టులు చూడండి. ఎన్ని వేషాలు మార్చినా సొంత రూపానికి వచ్చేసరికి రెండు చేతులకూ బంగారు కడియాలుంటాయి. మొదట వాటిని నగలనుకుంటాం. సినిమా చివర్లో అవి ఊడి పడ్డప్పుడు గాని అవి సంకెళ్లని తెలియదు.

జీనీ తన బతుకు గురించి నవ్విస్తూనే చెబుతాడు. బ్రహ్మాండమంత శక్తి, ఉండేది మాత్రం గుప్పెడంత దీపంలో. పదివేల ఏళ్లు అందులో ముడుచుకుని కూర్చున్నాడు. గుహ నుంచి బయటపడ్డాక అలాదిన్ మామూలుగా అడిగినట్టే అడుగుతాడు, నువ్వైతే ఏం కోరుకుంటావని. జీనీ తడబడతాడు. ఆ మాట తనను ఎవరూ ఎప్పుడూ అడగలేదంటాడు. తనకు కావలసింది విడుదల. కానీ యజమాని తన కోరికల్లో ఒకటి వదులుకుని అడిగితే తప్ప అది రాదు. మూడో కోరిక నీ కోసం వాడతానని అలాదిన్ మాట ఇస్తాడు.

తెర వెనక సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. విలియమ్స్ ఈ పాత్రకు తన మామూలు పారితోషికం కంటే చాలా తక్కువకే ఒప్పుకున్నారు. తన గొంతును బొమ్మలూ సరుకులూ అమ్ముకోవడానికి వాడకూడదన్నది ఆయన షరతు. ఆ మాట నిలబెట్టుకోలేదని తర్వాత ఆయన బహిరంగంగానే అన్నారు. 1994లో వచ్చిన రెండో చిత్రంలో జీనీకి వేరే నటుడు గొంతు ఇచ్చాడు. సంస్థ తరఫున క్షమాపణ వచ్చాకే, 1996 నాటి మూడో చిత్రానికి విలియమ్స్ తిరిగి వచ్చారు. దీపంలో ఉన్నవాడికి ఇచ్చిన మాట తప్పడం గురించి తీసిన సినిమా ఇది. ఇంతకు మించి నేను వ్యాఖ్యానించను.

మాట తప్పడం

ఈ చిత్రాన్ని నేను చాలా ఏళ్లు ఒక రకంగా బోధించాను. సినిమాకు పట్టుకొమ్మ అలాదిన్ త్యాగమని చెప్పేవాణ్ణి. వీధి కుర్రాడు రాకుమారుడి వేషం వేశాడు, అబద్ధం బయటపడింది, చివరికి తన సుఖం వదులుకుని జీనీని విడిపించాడు, కాబట్టి ఇది నిజాయితీ గురించిన కథ అని నోట్సు కూడా రాయించాను. అది తప్పని ఇప్పుడూ అనను. అయితే అందులో నా చూపంతా యజమాని మీదే ఉంది.

ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఇదే పాఠం చెప్పాను. వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. పగలంతా చీరల దుకాణంలో పనిచేసి, రాత్రిళ్లు చదువుకునే అమ్మాయి. “సార్, చివర్లో నైలు నది అడిగే సీను మీరు చెప్పనే లేదు” అంది. అది చిన్న హాస్య సన్నివేశమే కదమ్మా అన్నాను. “మీకు హాస్యం సార్. మా కొట్లో వంద చీరలు విప్పించి ఏమీ కొనకుండా పోతారు. అప్పుడూ నవ్వుతూ ఇంకేం చూపించమంటారనే అడగాలి. లేదు అనే మాట మా నోట రాకూడదు” అంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. నేను మళ్లీ సినిమా చూశాను.

అలా చూసినప్పుడు నా కంటికి ఆనిన మొదటి సన్నివేశం మాట తప్పే ఘట్టం. పెళ్లి ఖాయమైంది, సుల్తాను వారసుడివి నువ్వేనన్నాడు. జీనీ వచ్చి తన సంగతి గుర్తు చేస్తాడు. అలాదిన్ ముఖం చూడలేక, నిన్ను వదులుకోలేను, నువ్వు లేకపోతే నేను మామూలు అలాదిన్‌నే అంటాడు. అతను దుర్మార్గుడు కాడు. భయపడ్డవాడు. అయినా అతని భయానికి ధర జీనీ చెల్లించాలి. జీనీ అరవడు, శపించడు. నొచ్చుకున్నవాడు అనే ఒకటి రెండు మాటలని దీపంలోకి వెళ్లిపోతాడు. అతను వాదించడానికి లేదు. ఇచ్చిన మాట తప్పినా యజమాని యజమానే. ఇంత సూటిగా ఈ సంగతి చెప్పిన పిల్లల చిత్రాలు నేను ఎక్కువ చూడలేదు.

దాని ఫలితం వెంటనే వస్తుంది. దీపం జాఫర్ చేతిలో పడుతుంది. కొండంత జీనీ రెండు చేతులతో సుల్తాను కోటను పునాదులతో సహా పెకలించి ఎత్తుతుంటాడు. అలాదిన్ తివాచీ మీద ఎగిరి వచ్చి ఆగమని బతిమాలతాడు. కొత్త యజమాని వచ్చాడు, నా చేతిలో లేదంటాడు జీనీ. నిన్న మిత్రుడికి వడ్డించిన చేతులే ఈరోజు ఆ మిత్రుడి ఇల్లు కూలుస్తున్నాయి. అతని మంచితనానికి అక్కడ పని లేదు. కాదనే వీలు లేనివాడి మంచితనం ఎవరినీ కాపాడలేదు. నా దృష్టిలో ఈ సినిమాలో అన్నిటికంటే భయంకరమైన దృశ్యం జాఫర్ పామైన దృశ్యం కాదు, ఇది.

జాఫర్ పతనం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. భస్మాసురుడి కథ తెలిసిన మీకు ఆ ఎత్తు వెంటనే అర్థమవుతుంది. నీకంటే జీనీయే బలవంతుడని అలాదిన్ రెచ్చగొడతాడు. అయితే నన్నూ జీనీని చెయ్యమంటాడు జాఫర్. కోరిక తీరుతుంది, శక్తి వస్తుంది, దాంతోపాటే చేతులకు కడియాలు పడతాయి, కొత్త దీపం అతన్ని లోపలికి లాగేస్తుంది. మోహినిని చూసి తన చెయ్యి తన నెత్తినే పెట్టుకున్నవాడికీ ఇతనికీ తేడా ఒక్కటే: భస్మాసురుడు బూడిదయ్యాడు, జాఫర్ పనివాడయ్యాడు. పెద్ద శిక్ష ఏమిటంటే జీనీ బతుకే అని సినిమా తెలిసి చెప్పిందో తెలియక చెప్పిందో గాని, చెప్పింది.

నైలు నది

ఇప్పుడు ఆ చిన్న సన్నివేశానికి వద్దాం. అంతా చక్కబడింది. చట్టం ప్రకారం జాస్మిన్‌ను పెళ్లాడాలంటే అలాదిన్ మళ్లీ రాకుమారుడు కావాలి, ఒక కోరిక మిగిలే ఉంది. అది వాడుకో, నాకేం ఫరవాలేదంటాడు జీనీ. అలాదిన్ జీనీ విడుదల కోరుకుంటాడు. కడియాలు ఊడిపోతాయి, పొగ తోక పోయి కాళ్లు వస్తాయి, దీపం ఉత్త లోహమై కింద పడుతుంది.

విడుదలైనవాడు మొదట ఏం చేయాలి? ఎగిరి గంతేయాలి, కౌగిలించుకోవాలి. జీనీ అవి చేసే ముందు ఒక విచిత్రమైన పని చేస్తాడు. త్వరగా ఏదో ఒకటి కోరుకో, ఎంత అసంబద్ధమైనదైనా సరే, నైలు నది కావాలని అడుగు అని అలాదిన్‌ను తొందరపెడతాడు. అలాదిన్ అలాగే అడుగుతాడు. కుదరదు పొమ్మంటాడు జీనీ. అన్నాక ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అన్నట్టు పొంగిపోతాడు.

కొన్ని క్షణాల సన్నివేశం. పిల్లలు నవ్వుతారు. కానీ జీనీ తన స్వేచ్ఛను పరీక్షించుకుంటున్నది ఇక్కడే. సంకెళ్లు ఊడాయా అని చేతులు చూసుకుంటే చాలదు. అడిగినప్పుడు కాదనగలిగానా అని చూసుకోవాలి. చీరల దుకాణం అమ్మాయి చూసింది ఇదే. నాకు ముప్పై ఏళ్ల బోధన తర్వాత గాని కనబడలేదు, ఎందుకంటే నా ఉద్యోగంలో ‘కుదరదు’ అనే మాట నేను రోజుకు పదిసార్లు అనగలిగేవాణ్ణి.

పాత కథలోని భూతం రాక్షసపక్షి గుడ్డు దగ్గర అన్న ‘చేయను’తో దీన్ని పోల్చండి. అది పై యజమాని పరువు కోసం. మన వాఙ్మయంలోనూ కోరినదిచ్చే జీవి నోరు విప్పిన సందర్భం ఒకటుంది. వాల్మీకి రామాయణం బాలకాండలో వసిష్ఠుడి కామధేనువు శబల. విశ్వామిత్రుడి సైన్యానికంతటికీ విందు పెడుతుంది. అది చూసి ఆ రాజు లక్ష గోవులిస్తాను ఇవ్వమంటాడు, వసిష్ఠుడు కాదంటే బలవంతంగా లాక్కుపోతాడు. శబల కన్నీళ్లతో విడిపించుకుని వచ్చి, నన్ను వదిలేశావా, నేనేం తప్పు చేశానని వసిష్ఠుణ్ణి అడుగుతుంది. ఆయన అనుమతితోనే సైన్యాలను సృష్టించి రాజు సేనను తునుమాడుతుంది. చదివిన ప్రతిసారీ మనసు కదిలే ఘట్టం. అయితే శబలకు కావలసింది విడుదల కాదు, తనవారు తనను వదలకపోవడం. ఆమె తిరస్కారం ప్రేమలో నుంచి వచ్చింది. జీనీ తిరస్కారానికి ఎవరి పరువూ, ఎవరి ప్రేమా కారణం కాదు. ఊరికే, తనకు ఇష్టం లేదు కాబట్టి. అంత చిన్న కారణానికి ‘కాదు’ అనగలగడమే అతను పదివేల ఏళ్లు ఎదురుచూసింది.

సినిమా చూడని వైపు

ఇంత చెప్పాక, చిత్రం మీద నాకున్న ఫిర్యాదులూ చెప్పాలి. లేకపోతే ఇది విమర్శ కాదు, పొగడ్త అవుతుంది.

జీనీకి స్వేచ్ఛ దానంగా వచ్చింది. అలాదిన్ మంచివాడు కాబట్టి వచ్చింది. జాఫర్ దగ్గరే ఉండిపోయి ఉంటే వచ్చేది కాదు. దీపంలో మనిషిని బంధించే ఏర్పాటునే సినిమా ఎక్కడా ప్రశ్నించదు. మంచి యజమాని దొరకడమే పరిష్కారమంటుంది. దీనికి యాభై ఏళ్ల ముందు, 1940లో వచ్చిన ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’తో పోల్చి చూడండి. జాఫర్, అబూ అనే పేర్లు అందులోనూ ఉన్నాయి. అబూగా నటించింది మైసూరు ప్రాంతం నుంచి వెళ్లిన బాలుడు సాబు. అందులో సీసా నుంచి వచ్చిన భూతం మూడు కోరికలు తీర్చగానే ఒప్పందం ముగిసిందని నవ్వుకుంటూ ఎగిరిపోతుంది. ఎవరి దయా అక్కరలేదు, ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కరలేదు. కథగా చూస్తే ‘అలాదిన్’ ముగింపే హృద్యంగా ఉంటుంది. న్యాయంగా చూస్తే పాత సినిమాలోని భూతమే మెరుగైన స్థితిలో ఉందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు.

జాస్మిన్ సంగతి. ఆమె పంజరం తెరిచి పక్షులను వదిలే దృశ్యం మొదట్లోనే ఉంది. ఆమె కూడా బందీయే. కానీ మూడు కోరికల్లో ఆమెది ఒక్కటీ లేదు. చివర్లో సుల్తాను ఒక్క మాటతో చట్టం మార్చేస్తాడు. ఒక్క మాటతో పోయేదైతే ఈ గొడవంతా దేనికయ్యా అని మా ఇంట్లో చిన్నపిల్ల అడిగింది. నా దగ్గర జవాబు లేదు. 2019లో ఇదే సంస్థ మనుషులతో మళ్లీ తీసినప్పుడు జాస్మిన్‌నే సుల్తానును చేసింది. ఎవరో ఆ ప్రశ్న గట్టిగానే అడిగి ఉంటారు.

అల్లావుద్దీన్ తల్లి ఏమైంది? పత్తి వడికి కొడుకును సాకి, పళ్లెంలో రత్నాలు పట్టుకుని సుల్తాను కొలువుకు నడిచి వెళ్లిన ఆ ముసలామె పాత కథలో ధైర్యశాలి. ఆష్మన్ తొలి ఆలోచనలో తల్లి ఉంది, ఆమె కోసం కొడుకు పాడే పాట కూడా ఉంది. కథ తిరగరాసేటప్పుడు ఆమెను తీసేశారు. ఆమె ఉంటే అలాదిన్ అబద్ధం ఇంకో రకంగా గుచ్చుకునేది.

అగ్రబా బజారులో వ్యాపారులూ భటులూ వంకర ముక్కులతో, విదేశీ యాసతో మాట్లాడతారు. అలాదిన్, జాస్మిన్ మాత్రం అమెరికన్ కుర్రకారులా మాట్లాడతారు. మొదట కథ బాగ్దాదులో జరగాల్సింది. 1991 గల్ఫ్ యుద్ధం వచ్చాక ఊరి పేరు మార్చారు. పేరు మారింది గాని చూపు మారలేదు. తొలి పాటలో, ముఖం నచ్చకపోతే చెవి కోసే దేశమన్న అర్థం వచ్చే పంక్తి మీద అమెరికాలోని అరబ్బులు నిరసన తెలిపారు. 1993లో వీడియో విడుదలకు ఆ పంక్తి మార్చారు. ఆ దేశాన్ని అనాగరికమన్న మాట మాత్రం అలాగే ఉంచారు. బానిస బాధను అంత సున్నితంగా పట్టుకున్నవారికి, ఒక జాతి జనమంతా వెక్కిరింతకు గురైతే కలిగే బాధ తట్టలేదు. ఒకే సినిమాలో ఈ రెండూ ఉండగలవని తెలుసుకోవడం మీ చదువులో భాగం. ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచకండి.

ఇంకొక్కటి. సినిమా మొదట్లో అలాదిన్ కష్టపడి దక్కించుకున్న రొట్టెను, చెత్తలో ఏరుకుంటున్న ఇద్దరు పసివాళ్లకు ఇచ్చేస్తాడు. ఆ తర్వాత అతని చేతికి ప్రపంచంలో ఏదైనా తేగల దీపం వచ్చింది. మూడు కోరికల్లో ఏదీ ఆ ఇద్దరి ఆకలి వైపు వెళ్లలేదు.

అభ్యాసం

కోటను పెకలించే దృశ్యాన్నీ, నైలు నది దృశ్యాన్నీ ఒకదాని తర్వాత ఒకటి, శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. రెండింటిలోనూ జీనీ చేతులు ఏం చేస్తున్నాయో మాత్రమే గమనించి ఒక పుట రాయండి. సినిమా దొరకనివారు ఇంట్లో పెద్దవాళ్ల చేత అల్లావుద్దీన్ కథ చెప్పించుకుని, మధ్యలో ఆపి, భూతానికి ఏం కావాలని అడగండి. వాళ్లు చెప్పిన జవాబును వాళ్ల మాటల్లోనే రాయండి. “భూతానికేం కావాలి, పిచ్చి ప్రశ్న” అని కసిరితే ఆ మాటే రాయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి.